నతానియేలు కృతజ్ఞత కూడిక

జబ్బు నుంచి బాగుపడ్డ మనిషి కోసం కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాక, కూడికకు నాలుగు రోజుల ముందు ఆ మనిషే పోతే, దేవుడికి చెప్పాల్సిన స్తోత్రం ఉన్నట్టా, లేనట్టా? ఇప్పటికీ జవాబు దొరకని ప్రశ్న ఇది. పర్చూరు దగ్గర చిన్న సంఘానికి పాస్టరైన జక్రయ్యగారికీ దొరకలేదు.

రెబ్కా కౌలుకు అరెకరం మిరప వేస్తుంది. కిందటేడు ఆమె భర్త నతానియేలు గుండెజబ్బుతో ఆస్పత్రిలో పడితే, నెల దాటడం కష్టమన్నారు డాక్టర్లు. అతను లేచి ఇంటికొచ్చాడు. ఏడాది తిరిగేసరికి కూడిక పెడతానని రెబ్కా గుడిలో నిలబడి మాటిచ్చింది. ఏడాదికి నాలుగు రోజులుందనగా అతను నిద్రలోనే పోయాడు. మర్నాడు సమాధి చేశారు. అప్పటికే ఫ్లెక్సీ వచ్చేసింది. ‘స్వస్థపరచిన దేవునికి స్తోత్రం’ అన్న అక్షరాల కింద నతానియేలు కొత్త చొక్కాలో నవ్వుతున్నాడు.

“దీన్ని ఆదరణ కూడిక చేద్దామమ్మా,” అన్నారు జక్రయ్యగారు. “ఫ్లెక్సీ వేసిన బుడాన్‌తో మాట్లాడాను. అక్షరాలు మారుస్తానన్నాడు.”

“ఫొటో మారుస్తాడా అయ్యగారూ?”

“ఫొటో అదేలే.”

“ఐతే అక్షరాలూ అవే ఉండనివ్వండి. నన్ను ఆదరించడం తర్వాత. ముందు నేను స్తోత్రం చెప్పాలి.”

“జనం ఏమనుకుంటారు?”

“కూర బాగుంటే ఏమీ అనుకోరు.”

ఆడపడుచు ఫెబా ఊరుకోలేదు. “మతిపోయిందా వదినా? మా అన్న పోయి నాలుగు రోజులు కాలేదు, స్తోత్రమేంటి?”

“పోయింది మీ అన్న. మాటిచ్చింది నేను.”

కూడిక రోజు మధ్యాహ్నం షామియానా కింద రెబ్కా సాక్ష్యానికి లేచింది.

“డాక్టర్లు నెలన్నారు. దేవుడు ఏడాదికి నాలుగు రోజులు తక్కువిచ్చాడు. మా ఆయన కల్లంలో మిరపకాయలకి కాపలా కాశాడు. నిద్రపోయేవాడనుకోండి, అయినా కాశాడు. కూరలో ఉప్పు లేదని రోజూ పోట్లాడాడు. డాక్టర్లు వద్దన్నారని నేను వెయ్యలేదు. ఇంకో ఏడాది పోట్లాడనివ్వమని అడిగాను. ఇవ్వలేదు. ఇచ్చినదానికి స్తోత్రం.”

ముందు ఫెబా ఒక్కతే “ఆమెన్” అంది. తర్వాత అందరూ అన్నారు.

వడ్డన మొదలైంది. కూర బాగుంది. జక్రయ్యగారు ఆదరణ వాక్యాలు రాసుకున్న కాగితం జేబులోంచి తీసి రెబ్కా కుర్చీ దగ్గరికి వెళ్ళారు. కుర్చీ ఖాళీ. పడమట మబ్బు పట్టింది. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. అంతవరకూ ఇంటి ముందు మడతపెట్టి ఉన్న టార్పాలిన్ పట్టా కూడా కనిపించలేదు.