జానెడుకు రెండు వేళ్ళు తక్కువ

మా పక్కింటి పెద్దాయన మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఆయన భార్య మా గుమ్మంలోకి వచ్చి మా అమ్మాయితో రెండు ముక్కలు చెప్పి, నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న తీరులోనే నాకు తెలిసిపోయింది. అమ్మాయి తెలుగులో చెప్పేదాకా ఆగక్కర్లేకపోయింది.

నాకు చదువు లేదు. నేను చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది. ఈ హవాయి దీవిలో మన తెలుగువాళ్ళు చదివే పత్రిక కనుక, ఆయన్ని మీరూ చూసే ఉంటారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గడ్డి టోపీ పెట్టుకుని, పసుపుపచ్చ కొలబద్ద పట్టుకుని, ఎవరేం పట్టినా కొలవడానికి వచ్చే ముసలాయన. మీలో కొందరు 'సీఐడీ తాత' అనేవారు. పోయిన కబురు తెలిశాక కూడా ఒకరు మా అమ్మాయికి ఫోన్ చేసి, "ఇంక పీతల పిక్నిక్‌కి టెన్షన్ లేదక్కా" అని నవ్వారట. పోయిన వేసవిలో మనవాళ్ళు కొందరికి జరిమానా పడింది కదా, ఆఫీసర్లకి చెప్పింది ఆయనేనని అందరి నమ్మకం. అది అబద్ధం. ఎలా అబద్ధమో చెబుతాను. ముందు ఆయన ఎలాంటి మనిషో వినండి.

నేను కోరంగి మడ అడవుల పక్కన పుట్టినదాన్ని. పీతలు పట్టడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక శనివారం మా అల్లుడు ఏటి మొగకి తీసుకెళ్ళాడు. బురద వాసన తగలగానే, ఇక్కడ మండపీత ఉందన్నాను.

"ఎలా తెలిసింది అత్తయ్యగారూ?"

"నీకు కంప్యూటర్‌లో తప్పు ఎలా తెలుస్తుంది? అలాగే."

కోడికాలు కట్టి వల దింపాం. మగవి పడితే నీళ్ళలోకి విసిరేశాను. గుడ్డున్న ఆడవి నాలుగు ఏరి బకెట్‌లో వేశాను. మనవైపు పులుసుకి గుడ్డుపీతే కావాలి కదా, మగపీత ఎవరిక్కావాలి?

అప్పుడు వచ్చారాయన. ఒక్కొక్కదాన్నీ వెనకకాళ్ళ దగ్గర పట్టుకుని, తిప్పి పొట్ట చూశారు. నాలుగోది చూశాక టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. ఆయన మాట విని మా అమ్మాయి మొహం పాలిపోయింది.

"అమ్మా, ఇక్కడ ఆడ మండపీతని పట్టకూడదట. బోర్డు మీద రాసి ఉందట."

"మగవాటిని వదిలేసి మరీ ఏరాను కదే!"

"ఆ ముక్క ఆయనకి చెప్పమంటావా?"

అల్లుడు బకెట్ కింద పెట్టేశాడు. "అత్తయ్యగారూ, మన గ్రీన్ కార్డ్ ఇంకా పెండింగ్‌లో ఉంది. కేసూ గీసూ అయిందంటే అంతే సంగతులు" అన్నాడు. పాపం, అతనికి చెమటలు పట్టేశాయి.

"ఉన్నది ఉన్నట్టు చెప్పవే" అన్నాను. చెప్పింది. ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. జేబులోంచి ఫోన్ తీసి మాకు చూపించి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు. "తెలియదన్న మాట ఒక్కసారే చెల్లుతుంది. రెండోసారి చూస్తే నేనే ఫోన్ చేస్తాను" అన్నారు. మొహం మీదే అన్నారు, చాటున కాదు. నాకు ఆ మనిషి అక్కడే నచ్చారు.

కానీ ఊరుకుంటానా? "మా దగ్గర ఎండాకాలంలో వేటే ఆపేస్తారు, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. మీరేమిటి, ఆడదానికి ఒక్కదానికే సెలవిచ్చారు? ఎందుకో అడుగు" అన్నాను. ఎందుకని అడిగితే ఆయనకి పండగ. బురదలోనే గొంతుకూర్చున్నారు. "దాని పొట్ట కింద ఎంత గుడ్డు ఉంటుందో నాకన్నా మీకే బాగా తెలుసు కదా?" అన్నారు. తెలుసు. ఆ గుడ్డు కోసమే కదా ఏరాను. బకెట్ ఆయన ముందుకి జరిపాను. నేను అలా ఓడిపోవడం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాలుగింటినీ నా చేత్తోనే వదిలించారు. మగపీతకైనా డొప్ప ఆరంగుళాల వెడల్పు ఉండాలన్నారు. కొలబద్ద మీది అంకెలు నాకు రావన్నాను. ఆయన నా అరచెయ్యి చాపించి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా కొలిచారు. "జాన" అన్నాను. "జానా" అన్నారు. లెక్క తేలింది. మగపీత నా జానెడుకు రెండు వేళ్ళు తక్కువ ఉంటే చాలు. పారచేపకి జాన మీద నాలుగు వేళ్ళు. అలా శనివారం శనివారం ఒక్కో చేప నా చేతిలోకి ఎక్కింది. "కొలిచేదాకా అది నీది కాదు" అనేవారు ప్రతిసారీ.

ఈ దీవిలో జనం బొటనవేలూ చిటికెనవేలూ చాపి, మధ్య మూడు వేళ్ళూ మడిచి చెయ్యి ఊపుతారు, చూశారు కదా? బస్సు డ్రైవరు కూడా అలాగే ఊపుతుంటే, ఎంత చేప పట్టాడో చెబుతున్నాడనుకున్నాను నేను. దీవి మొత్తం జానలు కొలుచుకుంటోందే అని ఆశ్చర్యపోయాను. అది పలకరింపని తెలిశాక ఆ సంగతి చెబితే, పెద్దాయన కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అప్పటినుంచి కంచె మీదుగా నన్ను పలకరించేటప్పుడు ఐదు వేళ్ళూ చాపి జాన చూపించేవారు.

ఒకసారి ఇసుకలోకి పెద్ద తాబేలు వచ్చి పడుకుంది. కూర్మావతారమే ఎదుటికొచ్చినట్టయింది నాకు. కాళ్ళకి దణ్ణం పెట్టుకుందామని వెళుతుంటే ఆయన చేతులు అడ్డం చాపి ఆపారు. ముట్టుకోకూడదట, దగ్గరికి పోకూడదట, అదీ చట్టమేనట. "దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి చట్టమేమిటి?" అన్నాను. "దేవుడైతే దూరం నుంచి పెట్టినా అందుతుంది కదా?" అన్నారు. మరుసటి వారం చూస్తే, ఫోటోల కోసం ఎగబడుతున్న టూరిస్టులకి దూరంగా నిలబడి చేతులు జోడించడం నేర్పుతున్నారు. "దణ్ణం, దణ్ణం" అంటూ.

ఇక జరిమానా సంగతి. ఆ మనవాళ్ళ ఐస్‌బాక్స్ నిండా గుడ్డుపీతలు నా కళ్ళతో చూశాను.

"బాబూ, ఆడవాటిని వదిలెయ్యండి" అన్నాను.

"ఎవరూ చూడరులెండి అమ్మమ్మగారూ."

"నేను చూస్తున్నాను కదా?"

నవ్వారు. తరవాతి శనివారం మళ్ళీ అదే పెట్టె, మళ్ళీ అవే పీతలు. ఆ రోజుకి పెద్దాయన ఆస్పత్రి మంచం మీద ఉన్నారు, ఫోన్ ఎత్తే ఓపిక కూడా లేదు. ఫోన్ చేయించింది నేను.

ఇక్కడికి రాగానే మా అమ్మాయి పెన్ను ఆపేసింది. "అమ్మా, ఇది రాస్తే రేపటినుంచి మనల్ని ఒక్కరూ పిలవరు" అంటోంది. ఆ రోజు కూడా "మనవాళ్ళే కదమ్మా" అంది. మనవాళ్ళు కనుకే ఒక వారం ఆగాను అన్నాను. ఇప్పుడూ అంతే, రాయమంటున్నాను. పిలవకపోతే మానెయ్యండి. ఆ కోపమేదో నా మీద పెట్టుకోండి, ఇంకా మాట పడటానికి నేనున్నాను. ఆయన లేరు.

ఫోన్ చేయించానని ఆస్పత్రికి వెళ్ళి చెప్పాను. ఆయన దుప్పటి మీద చెయ్యి తిప్పి, ఐదు వేళ్ళూ చాపారు.

నిన్న శనివారం ఒక్కదాన్నే ఏటి మొగకి వెళ్ళాను. ఒకే ఒక్క పీత పడింది. జాన పెట్టి చూశాను, రెండు వేళ్ళు తీసేసినా ఇంకా మిగిలేంత పెద్దది. తిప్పి చూస్తే పొట్ట మీద గుండ్రటి మూత, దాని కింద నిండా గుడ్డు. నీళ్ళలో పెట్టి చెయ్యి వదిలాను. అది వెంటనే పోలేదు. రెండు డెక్కలూ చాపి నా వైపు తిరిగి కాసేపు నిలబడింది. తరవాత పక్కకి, పక్కకి నడుచుకుంటూ రాళ్ళ కిందికి వెళ్ళిపోయింది. అది నడిచిన మేర బురద పొగలా లేచి, చాలాసేపు నీళ్ళలోనే ఉంది.