చలమయ్య అడవి చూడబోయిన రోజు

మాచర్ల అవతల, అడవి అంచున చలమయ్యకు రెండెకరాల మొక్కజొన్న చేను ఉంది. నోరు మాత్రం ఇరవై ఎకరాలంత ఉందని ఊరంతా అంటుంది. పాలకంకి మీదున్న చేను సగం అడవిపందుల పాలైనప్పటి నుంచి ఆ నోటికి మూతే లేదు. పెళ్ళికి పోయినా, చావుకు పోయినా అటవీశాఖను నాలుగు తిట్టందే ఇంటికి రాడు.

అలాంటి మనిషిని, ఊళ్ళోని మిగతా రైతులతో పాటు, పులుల అడవి చూపిస్తామంటూ అటవీశాఖవాళ్ళు తెల్లవారుజామునే బస్సెక్కించారు. అడవిని చూస్తే రైతులు మారతారట! తిరిగొచ్చేలోపు, పందులకు కరెంటు తీగ కట్టబోమని అందరిచేతా సంతకం పెట్టించాలని బీట్ ఆఫీసర్ నీలిమ ఆలోచన.

"నా చేలో తీగా లేదు, తాడూ లేదు," అన్నాడు చలమయ్య బస్సులోనే. పచ్చి అబద్ధం. రోజూ పొద్దుగూకగానే చేను చుట్టూ ఉన్న తీగ కొక్కేన్ని కరెంటు లైనుకు తగిలిస్తాడు, తెల్లారగానే తీసేస్తాడు.

అడవిలో నీలిమ నల్లమద్ది మాను చూపించింది. "దీనికెవరు నీళ్ళు పోసినారు? నా చేనుకు నేనే పొయ్యాల," అన్నాడు. దుప్పుల గుంపు దారి దాటుతుంటే అందరూ ఫోన్లు తీశారు. "ఎద్దు పుండు కాకికి ముద్దు," అని మొహం తిప్పుకున్నాడు.

"కాస్త చూడు బాబాయ్."

"నేనెప్పటి నుంచి నీకు బాబాయిని? మా ఇంటికి పెళ్ళికొచ్చినావా ఏంది?"

వాగు ఒడ్డున తడిమట్టిలో పులి అడుగు కనిపించింది. "పులులు పెరిగినాక ఇక్కడ పందులు చానా తగ్గినయ్," అంది నీలిమ గర్వంగా.

"ఎటు పోయినయ్?"

నీలిమ వంగి ఆ అడుగును ఫోన్‌లో ఫొటో తీసుకోసాగింది.

"నా చేలోకి. మీ పులి తరుముద్ది, నేను మేపుతున్నా."

రైతులంతా గొల్లున నవ్వారు. ఆ ఊపులో, రాత్రి తీగకు ఒక్క పందైనా పడే ఉంటుందనుకున్నాడు. అనుకోగానే గుర్తొచ్చింది. కొక్కెం తియ్యలేదు. చీకట్లోనే బస్సు హారన్ మోగితే తిట్టుకుంటూ వచ్చి ఎక్కేశాడు.

తొమ్మిదింటికి భార్య వెంకటలక్ష్మి గేదెకు గడ్డి కొయ్యడానికి చేలోకి దిగుతుంది. పొద్దెక్కాక తీగలో కరెంటు ఉండదని ఆమె ధీమా. ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. టైము ఎనిమిదిన్నర. చెబితే కేసు పెడతారన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు తనను తానే బూతులు తిట్టుకున్నాడు.

"అమ్మా, నీ వైర్‌లెస్‌లో చెప్పు. మా ఊరి లైను ఆపమను. నా చేలో తీగ ఉంది. మా ఆడమనిషి దిగుద్ది."

నీలిమ ఇంకొక్క ప్రశ్న అడగకుండా సెట్టు అందుకుంది.

పావుగంట పట్టింది. చలమయ్య ఆ బురదలోనే చతికిలబడ్డాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సెట్టు గరగరలాడింది. లైను ఆపేశారు. వెంకటలక్ష్మి కొడవలి పట్టుకుని ఇంకా గట్టు మీదే ఉందట. చలమయ్య అందరి ముందూ బావురుమన్నాడు.

నీలిమ సంచిలోంచి కేసు కాగితం తీసింది. "తీగ ఎవరిది?"

"నాదే. రాసుకో." తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "పందులు మీవని కూడా రాసుకో."