మూర్తి గారి ఫొటోకి నేను పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు... అంటూ ఈ గ్రూపులో అందరూ రాస్తుంటే నాకూ రాయాలనిపించింది. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా ఆయన ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాస్తున్నాను.

రాజోలు దగ్గర మా తాతయ్య ఇంట్లో, సావిట్లో ఒక ఫొటో ఉండేది. విమానం ముందు నలుగురు నిలబడి ఉంటారు. బంగ్లాదేశ్ యుద్ధానికి ముందు తీసిందట. రెండు విమానాలు, ఒక్కోదానికి ఇద్దరు. ఒకరు నడిపితే ఇంకొకరు మ్యాపు చూసి దారి చెప్పేవారు. అలా దారి చెప్పేవాళ్ళే మా తాతయ్య, మూర్తి గారూ.

యుద్ధం సంగతులు తాతయ్య పెద్దగా చెప్పేవారు కాదు. ఒక్కటి మాత్రం... విమానం ఎక్కేముందు మూర్తి గారు జేబులోంచి మామిడి తాండ్ర తీసి నలుగురికీ తుంచి పెట్టేవారట. "భయంతో నోరెండిపోయేదే అమ్మా. ఆ పులుపుకి కాస్త నీరూరేది" అనేవారు.

ఒకరోజు మూర్తి గారి విమానం తిరిగి రాలేదు. నడిపినాయన శవం దొరికింది. మూర్తి గారిది దొరకలేదు. కాగితాల్లో ఆచూకీ లేదని రాశారు. తాతయ్య విమానం నడిపినాయన తర్వాతెప్పుడో జబ్బు చేసి పోయారు. అందుకే ఫొటోలో ఇద్దరికే అద్దం మీద బొట్టు... పోయినవాళ్ళకే కదా పెడతాం. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

మూర్తి గారి భార్యది పాలకొల్లు. మామ్మగారూ అని పిలిచేదాన్ని. ఏటా ఒక శ్రావణ శుక్రవారం పంటు మీద గోదారి దాటి, తాండ్ర పొట్లం పట్టుకుని, మా నాయనమ్మ ఇచ్చే వాయనానికి వచ్చేవారు. నుదుట రూపాయి కాసంత బొట్టు, కాళ్ళకి పసుపు.

"ఇన్నేళ్ళయింది, ఇంకా ఆ బొట్టేంటో" అని ఊళ్ళో ఆడవాళ్ళు మూతులు తిప్పేవారు.

"మా అన్నయ్యగారు కళ్ళారా చూశారండీ, పారాచూట్ తెరుచుకుంది. ఏ జైల్లోనో ఉండుంటారు" అనేవారు ఆవిడ, మా తాతయ్యని చూపిస్తూ. తాతయ్య పేపరు అడ్డం పెట్టుకునేవారు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఆవిడ వచ్చే శుక్రవారమే, నాయనమ్మ పటాలు తుడిచి బొట్లు పెట్టమంది. దేవుళ్ళకి పెట్టి ఆ ఫొటో దగ్గరికొచ్చాను. తాతయ్య ఎదురుగా కాఫీ తాగుతున్నారు, ఆయనకక్కర్లేదు. మిగతా ముగ్గురినీ నేనెప్పుడూ చూడలేదు. పాపం, ఒకాయనకి మర్చిపోయారనుకుని గంధం, కుంకుమ పెట్టేశాను... చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మామ్మగారు వస్తూనే ఎప్పట్లాగే ముందు ఫొటోకేసి చూశారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"అన్నయ్యగారూ... ఏమన్నా కబురొచ్చిందాండీ?"

నాయనమ్మ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, ఈ పిల్ల వెధవ పనండీ, తెలీక పెట్టింది!" అని కొంగుతో తుడవబోయింది. తాతయ్య లేచి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ."

తర్వాత మామ్మగారితో అన్నారు. "పారాచూట్ తెరుచుకోలేదమ్మా. పక్క విమానంలోంచి చూస్తూనే ఉన్నాను. మంటలతో నేల దాకా..."

"తెరుచుకుందన్నారు కదండీ. మా అత్తగారి ముందు, ఒట్టేసి చెప్పారు."

"నీకప్పుడు ఇరవై ఏళ్ళు. నోరు రాలేదమ్మా. పై ఏడు చెబుదామనుకున్నాను. ఆ పై ఏడు..."

ఆవిడ ఏడవలేదు. "ఇరవై ఏడేళ్ళండీ" అన్నారు, అంతే.

నాయనమ్మ వాయనం పళ్ళెంతో నిలబడి ఉంది. మామ్మగారు కొంగు పట్టబోయి... వదిలేశారు. తాండ్ర అరుగు మీద పెట్టి వెళ్ళిపోయారు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. చీమలు పట్టాయి.

నన్ను ఎవరూ కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

మళ్ళీ శ్రావణానికి ఆవిడ రాలేదు. నాలుగేళ్ళకి తాతయ్య పోయారు. పదకొండో రోజున వచ్చారు... నుదుట బొట్టు లేదు. ఫొటో ముందు నిలబడి, నన్ను పిలిచి, "మీ తాతయ్యకి కూడా పెట్టవే" అన్నారు. వేలికి కుంకుమ అద్దుకుని అద్దం దాకా వెళ్ళి ఆగాను. ఆవిడే నా మణికట్టు పట్టుకుని పెట్టించారు.

ఆ ఫొటో ఇప్పుడు మా అత్తారింట్లో, నా దగ్గరే ఉంది. నలుగురికీ బొట్లున్నాయి.

ఈ రోజుల్లో ఫొటోలన్నీ ఫోన్లలోనే... పోయినవాళ్ళూ, ఉన్నవాళ్ళూ ఒకేలా నవ్వుతుంటారు. బొట్టు పెట్టడానికి అద్దమే లేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పాత ఫొటోలు ఉండే ఉంటాయి. అందులో ఎవరెవరున్నారో, పెద్దవాళ్ళు బతికుండగానే అడగండి, ఇక్కడ మాకూ చెప్పండి. నాది మాత్రం... కాగితమైతే చదివి పొయ్యిలో పడేయమనేదాన్ని. దయచేసి ఎవరికీ పంపకండి. పాలకొల్లులో ఆవిడ ఇంకా ఉన్నారు.