పిన్ని పేరు పక్కన చుక్క

ఎండుకొబ్బరి ధర పడిపోయిన రెండో ఏడు, మలాయి దేశంలో మా కొబ్బరి ఎస్టేటులో జనం లెక్క రాయమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. అప్పటికి నేను కాపరానికొచ్చి ఏడాది. మా మావయ్య కూలీలుండే వరస గదుల, అదే లైన్ల, చివరి గదిలో తెలుగు బడి నడిపేవారు. కళ్ళకి పొరలు కమ్మడంతో ఆయనకి అక్షరాలు ఆనేవి కావు. అమ్మ పోయాక నన్ను పెంచిన పిన్ని, పట్టుబట్టి నన్ను ఆ బడిలోనే చదివించింది. అందుకని రాసే పని నాకు పడింది. ఇంటింటికీ వెళ్ళి ఆయన అడగాలి, నేను రాయాలి.

లెక్కతోపాటు ఇంకో కాగితం కూడా అడిగారు. ఈ చోటు ఎలాంటిది, ఎవరెప్పుడొచ్చారు, ఏ జనం ఎక్కడ ఉంటున్నారు, అవన్నీ అందులో రాయాలి. మావయ్యకి ఆ కాగితమంటే మహా ఇష్టం. గుమ్మంలో కూర్చుని చెబుతూ పోయేవారు. ఉత్తరాన పెరాక్ నది, దక్షిణాన బెర్నామ్ నది, పడమట సముద్రం, మధ్యలో గులకరాయి కూడా దొరకని బురద నేల. ఒకప్పుడంతా మడ అడవి. నది మొగలో మలాయి జాలరులు ముందునుంచీ ఉన్నారు. జావా వాళ్ళొచ్చి కాలవలు తవ్వి, గట్లు పోసి ఉప్పునీటిని ఆపారు. ఆ తర్వాతే మనవాళ్ళు విశాఖపట్నం వైపు నుంచి ఓడలెక్కి వచ్చి కొబ్బరి నాటారు. రేవు దగ్గర అంగళ్ళు చీనా వాళ్ళవి. నేను పుట్టింది ఈ నేల మీదే. దీనికీ ఇంత కథ ఉందని రాస్తుంటేనే తెలిసింది.

జనం లెక్క మాత్రం అంత సాఫీగా సాగలేదు. పక్క ఎస్టేటులో పని లేదంటూ చాలామందిని మూటలు కట్టించి, పినాంగు తీసుకెళ్ళి తిరిగి మన దేశానికి ఓడెక్కించేశారని అందరికీ తెలుసు. ముందు లెక్క రాసుకుని, ఆ తర్వాతే పంపారని ఎవరో అన్నారు. ఆ మాట లైన్లన్నీ పాకింది. చేతులెక్కువుంటే ఉంచుతారని, ఒక ఇంట్లో ఇద్దరే పిల్లలుంటే నలుగురని చెప్పారు. ఇంకో ఇంటాయన, తల్లి ఎప్పుడో పోయిందన్నాడు. లోపల గదిలో ముసలి దగ్గు వినిపిస్తూనే ఉంది. మావయ్య తర్వాతి గుమ్మానికి నడిచారు. కొళాయి దగ్గర నాతో కబుర్లాడే ఆడవాళ్ళు నేను బిందె పట్టుకుని వెళ్తే మాట ఆపేసేవారు. అందరి చూపూ నా చేతి పెన్సిలు మీదే.

సగం ఇళ్ళు పూర్తయ్యేసరికి ఆఫీసు గుమాస్తా, మేం కిరాణి అంటాం, మావయ్యని ఒక్కరినే రమ్మన్నాడు. కిరాణి తమిళుడు, దొర తర్వాత దొరంతటివాడు. రెండు రోజులాగి మళ్ళీ పిలిచాడు. రెండుసార్లూ మావయ్య ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. మర్నాడు ఒక గుమ్మం దాటాక, ఆ ఇంటి ముసలామె పేరు పక్కన చిన్న చుక్క పెట్టమన్నారు నాతో. ఎందుకని అడిగితే గుర్తు కోసమన్నారు. ఎవరితోనూ అనొద్దని కూడా అన్నారు.

చుక్క పడిన వాళ్ళంతా ముసలివాళ్ళే, పని సాగనివాళ్ళే. మగదిక్కు లేనివాళ్ళే. మూడో చుక్క పడ్డాక, ఇవి ఓడెక్కించే వాళ్ళకేమోనని నా మనసు మనసులో లేదు. ఉండబట్టలేక నా పెనిమిటితో అన్నాను. నాన్న ఊరికే ఏదీ చెయ్యడని కొట్టిపారేశాడు. కాసేపాగి, మన గదికేమైనా చుక్క పెట్టించాడా అని అతనే అడిగాడు.

అయిదో చుక్క మా పిన్నికి పడింది. తల్లులు పనికెళ్తే వాళ్ళ పసివాళ్ళని చూసే కొట్టంలో ఆమె పని. మోకాళ్ళు పట్టేసి, పిల్లల్ని ఎత్తుకోలేక నేల మీదే కూర్చుని ఆడించేది. మావయ్య దేశంలో ఊరు పేరడిగితే చెప్పింది గాని, అక్కడెవరున్నారంటే మాత్రం తల అడ్డంగా ఊపింది. బయటికొచ్చాక ఆయన మెల్లగా, "ఇక్కడా పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. పెన్సిలు ములుకు విరిగేటట్టు పెట్టాను.

ఆ రోజు నుంచి మావయ్య ఏం చేసినా నాకు అనుమానమే. కొడుకు పని నిలుపుకోడానికి మా పిన్నిని ఇచ్చేశారనుకున్నాను. అన్నం వడ్డిస్తూ ఆయన మొహం చూసేదాన్ని. ఆ మసక కళ్ళలో ఏమీ దొరికేది కాదు.

లెక్కంతా అయ్యాక మంచి పుస్తకంలోకి శుభ్రంగా ఎక్కించింది నేనే. నాలుగు చుక్కలు ఎక్కించాను. పిన్నిది వదిలేశాను. ఆయన సరిచూసుకోడానికి మొత్తం చదవమన్నారు. చదువుతూ పిన్ని పేరు దగ్గరికొచ్చి, మిగతా నాలుగు చోట్లా అన్నట్టే "చుక్క" అన్నాను. ఆయన తలూపారు.

నెల తిరక్కుండా, పొద్దున్న పనికి జనం వరస కట్టిన చోట ఓడెక్కాల్సిన వాళ్ళ పేర్లు చదివారు. అందులో పిన్ని పేరుంది. చుక్కలున్న నలుగురిలో ఒక్కరి పేరూ లేదు.

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. పిన్ని చుక్క నేనే తీసేశానని మావయ్యకి చెప్పేశాను. ఆయన గుమ్మం తడుముకుని కూర్చున్నారు.

"ఆ చుక్కలు పంపడానికి కాదమ్మా, ఉంచడానికి" అన్నారు. "దేశంలో ఎవరూ లేని ముసలాళ్ళకి గుర్తు పెట్టమన్నాడు కిరాణి. బయటికి తెలిస్తే అందరూ మాకెవరూ లేరంటారు, చెప్పొద్దన్నాడు."

"నాకు కూడా చెప్పలేదేటి మావయ్యా?"

"నీకు చెప్తే మీ పిన్నికి చెప్తావనుకున్నాను."

ఇద్దరం ఆఫీసుకెళ్ళాం. కిరాణి పుస్తకం తిరగేసి, చుక్క ఏదీ అన్నాడు. జరిగింది చెప్తే నమ్మలేదు. చుట్టం కోసం ఇప్పుడొచ్చి కథ అల్లుతున్నారన్నాడు. అయితే ఈ నలుగురూ కూడా మీ చుట్టాలేనా అని, కొట్టేసేవాడిలా పెన్ను తీసి ఆ చుక్కల మీద ఆనించాడు. మావయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకుని, నలుగురి జోలికి పోవద్దని బతిమాలారు. ఆమెని మా ఇంట్లో పెట్టుకుని మేమే పోషిస్తే అభ్యంతరమా అని అడిగారు. ఎస్టేటు గది ఖాళీ అయితే తనకేమీ పట్టదనీ, కాగితాలు వెళ్ళిపోయాయి గనక పినాంగులోనే పేరు కొట్టించుకోవాలనీ అన్నాడు కిరాణి.

పిన్నితోపాటు మేమిద్దరమూ లాంచీ ఎక్కాం. మావయ్యకి దారి చూపాల్సింది నేనే. తెలుక్ ఆన్సన్ పట్నం దాకా నది మీద, అక్కణ్ణుంచి రైల్లో. పిన్ని మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. జరిగిందంతా రైల్లోనే చెప్పాను. విన్నది గాని నా వైపు చూడలేదు.

"రాసింది నువ్వే గదే. నన్ను ఒదిలించుకోడానికే రాసినావనుకున్నాను" అంది.

"ఇప్పుడు చెప్పినాను గదా పిన్నీ."

"ఇప్పుడు చెప్పినావు."

అంతే. రైలు దిగి పడవెక్కి, పినాంగులో జార్జ్ టౌన్ రేవు చేరేదాకా మూట నన్ను పట్టుకోనివ్వలేదు.

ఓడ కోసం జనాన్ని ఆపి ఉంచే షెడ్డులో ఒక దొర, ఒక దుబాసీ బల్ల ముందు కూర్చున్నారు. మావయ్య బల్ల అంచు తడుముకుని నిలబడి, ఈమె నా కోడలికి తల్లి లాంటిదండి, బతికినన్నాళ్ళూ మా ఇంట్లో తింటుంది అన్నారు. దుబాసీ పిన్ని వైపు తిరిగి, వీళ్ళతో వెళ్ళడం నీకిష్టమేనా అని రెండుసార్లు అడిగాడు. మేమేదో పని చేయించుకోడానికి తీసుకుపోతున్నామని అతని అనుమానం. పిన్ని మొదటిసారి మూట ముడి బిగించుకుంది. రెండోసారి, "ఇంకెక్కడికి పోతాను" అంది. అది ఇష్టమని దుబాసీ రాసుకున్నాడు. దుబాసీ చూపించిన చోట మావయ్య సంతకం చేశారు. ఏం రాసుందో ఆయనకి కనిపించదు, నాకు ఇంగ్లీషు రాదు. దేనికి ఒప్పుకున్నామో ఏమోనని ఇల్లు చేరేదాకా భయపడ్డాను.

పిన్ని మా ఇంట్లోనే ఉండిపోయింది. మరుసటి ఏడు, చుక్కలున్న నలుగురిలో ఇద్దరిని అదే కిరాణి ఓడెక్కించాడు. అయితే ఆ చుక్కలు దేనికని మావయ్యని అడిగాను. తాను విన్నదే చెప్పానన్నారు. అది నిజమేనని నాకు తెలుసు. కిరాణి చెప్పింది నిజమో కాదో మాత్రం ఈ రోజుకీ తెలీదు.

మా ఇంటికొచ్చిన ఆర్నెల్లకి, పిన్ని తనకి అక్షరాలు నేర్పమని మావయ్యని అడిగింది. నేను నేర్పుతానంటే వద్దంది. ఆయన మధ్యాహ్నాలు పీటమీద బియ్యం పరిచి, ఆమె వేలు పట్టుకుని దిద్దించేవారు. ఆయనకి కనిపించదు, ఆమెకి తెలీదు. తప్పు పోయినప్పుడు వంటింట్లోంచి నాకు కనిపించేది. నేను మాట్లాడేదాన్ని కాదు. వానలు మొదలయ్యే వేళకి పిన్ని తన పేరు రాసింది, రెండో అక్షరం తిరగేసి. ఏమైనా తప్పుందా అని మావయ్యని అడిగింది. ఆయన బియ్యం మీద వేళ్ళాడించి చూసి, ఒకటుందన్నారు. ఎక్కడో చూపించమని, పిన్ని మొదటిసారి నన్ను పిలిచింది.