బాబాయి పవనాలు, పిన్ని ఎండుచేపలు

మొన్నటిదాకా తూర్పు వైపు ఎగిరిన నా లుంగీ, ఈ పొద్దున పంజాగుట్టలో మా బాల్కనీ దండెం మీద పడమటి వైపు ఎగురుతోంది. గాలి మారిందన్నమాట. మా ఆవిడ క్లిప్పులు వెతుక్కుంటుంటే నాకు మాత్రం ఎండుచేపల వాసన వచ్చింది, ఇంట్లో ఒక్క ముక్క లేకపోయినా.

కొన్నేళ్ల క్రితం సాఫ్ట్‌వేర్ కోర్సు పేరు చెప్పి అమీర్‌పేటలో బాబాయి ఇంట్లో దిగాను. ఆయన అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ రాసేవాళ్లకి భూగోళం చెప్పేవాడు. ఇంట్లోనూ అదే చెప్పేవాడు. పిన్నిది కాకినాడ వైపు. పుట్టింటి నుంచి ఎండుచేపల పార్శిల్ రాని నెలలో ఆవిడతో మాట్లాడాలంటే భయం. చిక్కల్లా పడమటి పోర్షన్‌లో ఉండే ఓనరుతోనే. "మటన్ వండుకోండ్రి, చికెన్ వండుకోండ్రి. ఎండుచేపల వాసనొస్తే మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యాలె సార్" అని ముందే చెప్పాడు. కోచింగ్ సెంటరుకి నడిచి వెళ్లేంత దగ్గర్లో, ఆ అద్దెకి అలాంటి ఇల్లు మళ్లీ దొరకదు.

బాబాయి అభయమిచ్చాడు. భూమధ్యరేఖ దగ్గర గాలి వేడెక్కి పైకి లేస్తుందట, ఆ ఖాళీలోకి పక్కల నుంచి చల్లగాలి పరుగెత్తుకొస్తుందట, భూమి తిరుగుతోంది కాబట్టి మన అర్ధగోళంలో అది కుడికి ఒంగుతుందట. అదే గాలి సముద్రం పైనీళ్లని తోస్తే ప్రవాహాలవుతాయి. కొన్ని తీరాల్లో అలా తోసిన చోట అడుగునున్న చల్లనీళ్లు మేతని మోసుకుంటూ పైకొస్తాయి, దానికి చేపలు మూగుతాయి. "అంటే నీ చేప కూడా గాలి చలవే" అని తేల్చాడు. "ఇంతకీ పొయ్యి వెలిగించనా వద్దా? అది చెప్పండి" అంది పిన్ని. వెలిగించమన్నాడు. వానాకాలం గాలి పడమటి నుంచి వీస్తుంది కనుక వాసన తూర్పుకే పోవాలి. అలాగే పోయింది. తూర్పున హాస్టల్ కుర్రాళ్లు సాంబారన్నం పళ్లాలు పట్టుకుని కిటికీల దగ్గర నిలబడి మా వంటింటి వైపు దీనంగా చూసేవాళ్లు. పిన్ని ఆ వానాకాలమంతా దర్జాగా వండింది.

వానలు వెనకపట్టాక నేల చల్లబడి గాలి ఎదురు తిరుగుతుందని బాబాయి ఏటా క్లాసులో చెప్పేవాడే. ఆ పాఠం మా వంటింటికీ వర్తిస్తుందని మాత్రం ఆయనకి తట్టలేదు. పైగా కార్తీకంలో ఓనరు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఒక పొద్దున పిన్ని ఎండుచేపల పులుసు దింపుతుండగా తలుపు చప్పుడైంది. చూస్తే ఓనరు, నల్లబట్టల్లో, చెప్పుల్లేకుండా. నేను మనసులోనే సామాను సర్దేసుకున్నాను. బాబాయి "ఈశాన్య రుతుపవనాలండీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

ఓనరు తన ఇంటి వైపు ఓసారి చూసుకుని గొంతు తగ్గించాడు. "స్వామీ, గా రూలు మా ఇంటామెది, నాది కాదు. పెండ్లయినప్పటి సంది ముట్టలే. గీ వాసనకు నోట్లె నీళ్లూరుతున్నయ్, దీక్ష చెడుతది. నేను కొండకు పోయొచ్చేదాకా జర ఆపుండ్రి. అటెన్క నాకు సుత ఇంత పెట్టుండ్రి."

ఆ కార్తీకం పిన్ని మాల లేకుండానే దీక్ష చేసింది. ఆయన కొండకి వెళ్లొచ్చి మాల తీశాక, వాళ్లావిడ యూసుఫ్‌గూడలో చెల్లెలింటికి వెళ్లిన రోజు చూసుకుని మా వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. బాబాయి ఆపిన చోటు నుంచి పాఠం అందుకోబోయాడు. "గాలి ముచ్చట తర్వాత సార్, ముందుగాల జర పులుసు పొయ్యమనుండ్రి" అన్నాడాయన, చెయ్యి పళ్లెంలోంచి తియ్యకుండానే. పిన్ని ముఖం అంతలా వెలగడం నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, పిన్నీ లేదు. గాలి మాత్రం బాబాయి చెప్పినట్టే ఏటా వేళకి తిరుగుతోంది. తూర్పు నుంచి వీచినా, పడమటి నుంచి వీచినా, నాకది ఆ ఏడాది నుంచే వస్తుంది.