పట్టుకొని దించే విద్య

మొగుడి చెయ్యి విరగ్గొట్టడానికే నల్లమ్మ కుస్తీ నేర్చుకుంటోందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఊళ్ళో పుట్టిన మాట సోమందేపల్లి దాకా పోయి, అక్కడ రోడ్డు పక్కన టీ అంగట్లో కూర్చుని కాస్త బలిసి, సాయంత్రం బస్సులో మళ్ళీ ఊరికే వచ్చింది. వచ్చేసరికి చెయ్యి కాస్తా కాలయింది. అమరాపురంలో ఆ మొగుడు సంజీవప్పతో కాపురం చేస్తున్న ఆవిడ జడ కూడా ఊడబెరుకుతుందట అని చేరింది.

ఒక ఆదివారం పొద్దున కండక్టరు నరసింహులు బస్సంతా వినేటట్టు అడిగాడు.

"ఏం నల్లక్కా, అమరాపురానికి టికెట్టు ఎప్పుడు కొట్టమంటావు?"

బస్సులో ఉన్నవాళ్ళు నవ్వారు. నల్లమ్మ పెనుకొండ అని మెల్లగా చెప్పి, చిల్లర చేతిలో పెట్టి, కిటికీ వైపు తిరిగింది. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో పదేళ్ళుగా చొక్కాలకు కాలర్లు కుడుతుంది. మొగుడు ఇల్లు వదిలిపోయి ఆరేళ్ళయింది. అతను పోయినప్పుడు కూడా ఆమె వీధిలోకి వచ్చి ఒక్క మాట అన్నది లేదు. అందుకే, అప్పుడు అనని మాటలన్నీ ఇప్పుడు చేతుల్లోకి తెచ్చుకుంటోందని జనానికి తోచి ఉంటుంది.

ఆమెకున్నది ఒక్కతే కూతురు, నిర్మల. ఆ పిల్లకు పదకొండో ఏట మూర్ఛలు మొదలయ్యాయి. పెద్దాసుపత్రి మాత్రలతో తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. నెలకోసారో రెండుసార్లో వచ్చేవి. ముందుగా ఒక్క క్షణం కళ్ళు ఎటో నిలిచిపోతాయి. ఆ వెంటనే, చేతులు అడ్డం పెట్టుకోకుండా, నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే ఎడమ పక్కకు పడిపోతుంది. ఎడమ కనుబొమ మీద మూడు కుట్లు అలా పడినవే. మోచేతి మీద కాలిన మచ్చ పొయ్యి దగ్గర పడినప్పటిది. తొమ్మిదో తరగతిలో బడి మెట్ల మీద పడింది. నయమయ్యాక పంపించమన్నారు బడివాళ్ళు. నిర్మల ఆ పుస్తకాలనే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ ఇంట్లో ఉండిపోయింది. అప్పటికి పద్నాలుగేళ్ళు. ఇప్పుడు పదిహేడు.

మూర్ఛ వచ్చిన మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ తాకరు. తాకితే అంటుకుంటుందని భయం. ఎవరో ఒకరు పరుగెత్తిపోయి తాళంచెవుల గుత్తో, కొడవలో, ఏదో ఒక ఇనుము తెచ్చి పిడికిట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాసేపటికి పిల్ల లేస్తుంది. ఇనుము పని చేసిందంటారు. చిన్నప్పటి నుంచి అందరూ చూసింది అదే.

ఒకసారి వంటింటి గడప దగ్గర నిర్మల పడబోతుంటే నల్లమ్మ అందుకుంది. కానీ పిల్ల తల్లి కంటే ఎత్తు పెరిగింది, బరువు పెరిగింది. ఇద్దరూ కలిసి పడ్డారు. పడడంలో నల్లమ్మ మోచెయ్యి తగిలి నిర్మల ముందు పళ్ళు రెండు విరిగిపోయాయి. లేచాక నిర్మల నాలుకతో పళ్ళు తడుముకొని, అమ్మ ముఖం చూసి, ఏడవకుండా ఊరుకుంది. పట్టుకోకపోయి ఉంటే అంత దెబ్బ తగిలేది కాదేమో అన్న ఆలోచన నల్లమ్మను వదల్లేదు. పడే మనిషిని పట్టుకోవడానికి ఏదో ఒక పద్ధతి ఉండాలి. మూటలు మోసేవాళ్ళకు ఉంది, రాళ్ళు దించేవాళ్ళకు ఉంది. మనుషుల్ని దించడానికి లేకుండా ఎట్లా ఉంటుంది?

ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కుట్టే కల్పనను అడిగితే, ఆ అమ్మాయికి ప్రశ్న సగమే అర్థమయింది. హిందూపురంలో ఆడవాళ్ళకు కరాటే నేర్పిస్తున్నారని, శానా మంచిదని చెప్పింది.

నల్లమ్మ డ్యూటీ దిగాక నాలుగు సాయంత్రాలు ఆ కరాటే నేర్పే మైదానం గేటు బయట నిలబడి చూసింది. పిల్లలు వరసల్లో నిలబడి గాల్లోకి గుద్దుతున్నారు. ఎవరికి వాళ్ళే. ఒకరికొకరు ఎదురైనా పిడికిలి ఎదుటి మనిషికి తగలకుండా వెనక్కి తీస్తున్నారు. నాలుగో రోజు మాస్టరు బాలాజీ గేటు దగ్గరికి వచ్చి పాపను చేర్పిస్తారా అని అడిగాడు. నేర్చుకునేది తానేనంటే నవ్వలేదు, మర్యాదగా లోపలికి పిలిచాడు. ఎవడైనా మణికట్టు పట్టుకుంటే ఎట్లా మెలిపెట్టి విడిపించుకోవాలో, వెనక నుంచి వాటేసుకుంటే ఎట్లా తప్పించుకోవాలో చూపించాడు. నల్లమ్మ రెండుసార్లు చేసి చూసింది. రెండుసార్లూ చెయ్యి సులభంగా వచ్చేసింది.

"విడిపించుకునేది కాదు సార్, పట్టుకునేది ఏమన్నా ఉండాదా?"

ఎవరిని, దొంగనా అని అడిగాడాయన. ఆమె చెప్పులు వేసుకొని వచ్చేసింది. మరుసటి రోజు పోలేదు.

పెనుకొండలో కొండ కింద కుళ్లాయప్ప అనే పెద్దాయన కర్రసాము నేర్పిస్తాడు. పీర్ల పండగలో ఆయన కర్ర తిప్పితే జనం వెనక్కి జరిగి దారి ఇస్తారు. నల్లమ్మ పోయినప్పుడు ఆయన ఇంటి ముందు గచ్చు మీద కూర్చుని కర్రకు నూనె పట్టిస్తున్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు కర్రకు దండం పెట్టాలి. ఆమె పెట్టింది.

"ఎవుర్ని కొట్టాలమ్మా?"

"ఎవుర్నీ కాదు పెద్దాయనా."

"కొట్టేదానికి కాకుంటే కట్టె యాలకు? గొర్రెల్ని తోలేదానికా?"

ఆయన ముసలితనం చూసి ఆమెకు ధైర్యం వచ్చింది. నిర్మల సంగతి, పళ్ళ సంగతి, మొదటిసారి ఒక పరాయి మనిషికి మొత్తం చెప్పింది. కుళ్లాయప్ప నూనె గుడ్డ పక్కన పెట్టాడు.

"ఇది మనిషిని దూరం పెట్టే విద్యమ్మా. కర్ర పట్టుకున్నోనికి రెండు చేతులూ నిండిపోతాయి. నీకు చేతులు ఖాళీగా ఉండాల."

ధర్మవరంలో ఒక మేడమ్ జూడో నేర్పిస్తుందని, తన మనవరాలు ఆదివారాలు రైల్లో పోయి వస్తుందని, అక్కడ మనిషిని మనిషే పట్టుకుంటారని ఆయనే చెప్పాడు.

ధర్మవరం హాల్లో నీలం రంగు మందపాటి చాపలు పరిచి ఉన్నాయి. నల్లమ్మ తలుపు పక్కన చీర కొంగు చుట్టుకొని నిలబడింది. పన్నెండు, పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు వెనక్కి పడుతున్నారు, పక్కకు పడుతున్నారు, పడి అరచేత్తో చాపను చరిచి లేస్తున్నారు. ఇంతమంది ఆడపిల్లలు పడడం, ఒక్కరికీ దెబ్బ తగలకపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇంకో పక్క పెద్ద పిల్లలు ఒకరినొకరు పడేస్తున్నారు. పడేసిన పిల్ల, పడుతున్న పిల్ల చొక్కా చేతిని ఆఖరి దాకా వదల్లేదు. పైకి లాగి పట్టుకునే ఉంది. దానివల్ల పడే పిల్ల తల నేలకు తగల్లేదు. నల్లమ్మ ఆ చెయ్యినే చూసింది. రెండు గంటలు ఇంకేమీ చూడలేదు.

కోచ్ రమాదేవి ఆమె కంటే చిన్నది. విషయం విన్నాక నిజమే చెప్పింది. ఫిట్సు వచ్చిన మనిషి తనంతట తాను పద్ధతిగా పడలేదు, కాబట్టి పాపకు నేర్పి లాభం లేదు. కానీ పట్టుకునేవాళ్ళు నేర్చుకోవచ్చు.

"చేత్తో మోయొద్దక్కా. బరువు తొడ మీదికి తీసుకో. నువ్వు మోకాళ్ళు వంచి కిందికి పో, నీతోబాటు పాపా వస్తాది. చొక్కా మాత్రం వదలొద్దు."

దించాక పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, ఊపిరి ఆడేట్టు చూడాలని కూడా చెప్పింది.

అట్లా నల్లమ్మ ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, ఎవరో వాడి వదిలేసిన తెల్ల జూడో కోటు వేసుకొని, పద్నాలుగేళ్ళ పిల్లల వరసలో చివర నిలబడింది. మొదటి నెల పడడమే. నడుము పట్టేసి సోమవారం మిషను ముందు కూర్చోలేకపోయేది. కుళ్లాయప్ప మనవరాలు గంగాదేవి ఆమెకు జోడీ. "పెద్దమ్మా, నువ్వు పడేముందే కళ్ళు మూసుకుంటాండావు" అని నవ్వేది. నిజమే, మూసుకునేది.

రెండో నెలలో పట్టు నేర్పారు. అందరికీ ముందు కుడి పక్కే నేర్పుతారు, ఎడమ పక్క తర్వాత. ఆమె నేర్చుకున్నది ఆ రాత్రే ఇంట్లో బొంత పరిచి నిర్మల మీద చేసి చూసేది. నిర్మల కావాలని బరువంతా వదిలేసి, నవ్వుతూ, విరిగిన పళ్ళు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకునేది. చెయ్యి తియ్యి, పట్టు కుదరదు అని నల్లమ్మ కసిరేది. నిర్మల తీసేది కాదు.

పక్కింటి వెంకటసుబ్బమ్మకు కూడా నల్లమ్మ చెప్పి పెట్టింది. ఆదివారాలు నిర్మలను చూసుకునేది ఆవిడే. ఇనుము కోసం పోవద్దు అత్తా, పిల్లను పక్కకు తిప్పు చాలు, అంటుకోదు, నేను ఆరేళ్ళుగా తాకుతున్నాను కదా అంది. వెంకటసుబ్బమ్మ అన్నిటికీ తల ఊపింది.

మూడో నెలలో ఎడమ పక్క నేర్పిస్తానని రమాదేవి చెప్పిన ఆదివారం, ఎందుకో నల్లమ్మకు పోవాలనిపించలేదు. నిర్మలే చెప్పులు తెచ్చి గడప దగ్గర పెట్టింది.

"పో మా. అసలైంది ఈ పొద్దే కదా. నేర్చుకొని రా."

ఆ రోజు క్లాసులో ఎడమ పట్టు ఆమెకు కుదరలేదు. కాలు తప్పుగా పడుతోంది. గంగాదేవిని నాలుగుసార్లు దించి, ఐదోసారికి తయారవుతుండగా క్లాసు అయిపోయింది. గోడవార పెట్టిన సంచి తీసి ఫోను చూసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

ఇంటి వెనక అంట్లు తోముకునే చోట ఒక సిమెంటు తొట్టి ఉంది. మూరెడు లోతు కూడా ఉండదు. నిర్మల అక్కడ పళ్ళేలు కడుగుతూ ఎడమ పక్కకు పడింది. ముఖం తొట్టి నీళ్ళలో పడింది. వెంకటసుబ్బమ్మ అక్కడే ఉంది. కేక పెడితే ఇంకో ముగ్గురు కూడా వచ్చారు. వెంకటసుబ్బమ్మ ఇంట్లోకి పరుగెత్తి బీరువా తాళాల గుత్తి తెచ్చి నిర్మల పిడికిట్లో పెట్టింది. పెట్టి, దూరంగా జరిగి నిలబడింది. నలుగురూ అట్లాగే నిలబడి, పిల్ల లేస్తుందని చూశారు.

నల్లమ్మ వచ్చేసరికి పిల్లను చాప మీద పడుకోబెట్టారు. పిడికిట్లో తాళాలు అట్లాగే ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు. నల్లమ్మ ఒక్కొక్క వేలూ విప్పి తాళాలు తీసింది.

"ఇదో అత్తా, నీ తాళాలు."

వెంకటసుబ్బమ్మ తీసుకోలేక గోడకు ఆనుకొని కూలబడిపోయింది. నువ్వు చెప్పిండేది గుర్తుండాదమ్మా, కాళ్ళే నా మాట వినకుండా ఇంట్లోకి పోయినాయి, అని అదే మాట చీకటి పడేదాకా అంటూనే ఉంది.

సంజీవప్ప సాయంత్రం అమరాపురం నుంచి వచ్చాడు. అప్పుడు మాత్రం వీధిలో జనం కాస్త ముందుకు జరిగారు. మెడలు సాచి నల్లమ్మ చేతులు చూశారు. ఆమె లేచి, కూతురి తల దగ్గర తాను కూర్చున్న చోటు అతనికి ఇచ్చి, కాళ్ళ దగ్గరికి పోయి కూర్చుంది. ఈ పొద్దు కాదులే, దినాలు కానీ, అని ఎవరో అన్నారు. దినాలు అయ్యాయి. అప్పుడూ ఏమీ కాలేదు.

నెల తిరిగాక ఒక ఆదివారం నల్లమ్మ తెల్ల కోటు ఉతికి మడిచి తిరిగి ఇచ్చేయడానికి ధర్మవరం పోయింది. రమాదేవి తీసుకోలేదు. గంగాదేవి వచ్చి, ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది. నల్లమ్మ పట్టుకుంది. రెండు ఆదివారాల తర్వాత ఎడమ పక్క కూడా కుదిరింది. వచ్చేసిందక్కా అని రమాదేవి అంది, అని తల పక్కకు తిప్పుకుంది. ఆదివారాలు ఇంట్లో ఉండలేక నల్లమ్మ ఇప్పటికీ పోతూనే ఉంది.

దాంతో ఊళ్ళో మాట ఇంకా ముదిరింది. బిడ్డను చంపుకొని కూడా కుస్తీ మానలేదు, ఎంత పగ ఉండాలి అంటారు. ఆ రోజు పిల్లను వదిలి ఎట్లా పోయిందని అడిగేవాళ్ళూ ఉన్నారు. నల్లమ్మ ఎవరికీ జవాబు చెప్పదు. చెప్పడానికి ఉన్నది ఒక్కటే, అది చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

నిర్మల చనిపోయిన ఆదివారానికి ముందు రోజు, శనివారం పొద్దున, నల్లమ్మ డ్యూటీకి తయారవుతుండగా నిర్మలకు మూర్ఛ వచ్చింది. ఎప్పుడూ ఎడమకు పడే పిల్ల ఆ రోజు కుడి పక్కకు ఒరిగింది. నల్లమ్మ చొక్కా పట్టుకొని, బరువు తొడ మీదికి తీసుకొని, మోకాళ్ళు వంచి, నేల మీదికి దించింది. నిర్మలకు ఎక్కడా దెబ్బ తగల్లేదు.