రేపల్లె రైసుమిల్లు వారింట్లో ఈతకొలను గచ్చు

2006 ఎండాకాలంలో రేపల్లెలో ఒక రైసుమిల్లు యజమాని ఇంట్లో పాత ఈతకొలనుకి కొత్త గచ్చు చేసే పని నాకు వచ్చింది. మేస్త్రిగా నా పేరు మీద వచ్చిన మొదటి పని అదే. నా పేరు ఖాసింబీ, ఊరు బాపట్ల, చదివింది మూడో తరగతి. ఇప్పుడు పని మానేశాను. తాపీ పనంటే ఇటుక మీద ఇటుక పెట్టడమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఆఫీసుల్లో ఉన్నట్టే మా పనిలోనూ హోదాలుంటాయి. అందరికన్నా కింద ఇసుక తట్ట మోసే మనిషి. ఆ పైన మాలు కలిపే మనిషి. మాలంటే సిమెంటూ ఇసుకా నీళ్లూ కలిపిన ముద్ద. ఆ పైన తాపీ పట్టే మనిషి, అందరి మీదా మేస్త్రి. ఆడవాళ్లు జుట్టు నెరిసినా తట్ట దగ్గరే ఉండిపోయేవాళ్లు. గచ్చు నునుపు చెయ్యడం మాత్రం రోజంతా గొంతుక్కూర్చుని చేసే పని కాబట్టి మగవాళ్లు దాన్ని మాకు వదిలేశారు. అలా నా చేతికి తాపీ వచ్చింది. మా ముఠా చేసిన గచ్చులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని బాపట్లలో పేరు. మా పాత మేస్త్రి పని మానుకుని గుంటూరు వెళ్లిపోయాక, ముఠా చెదిరిపోకూడదని నేనే ఈ పని పట్టాను. ఇది చెడితే ఆడ మేస్త్రికి ఇంకో పని ఎవరూ ఇవ్వరు. తలా ఒక మేస్త్రి కింద చేరి మళ్లీ తట్టలు మొయ్యాల్సిందే. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

బాపట్లలో బండెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి మారాలి. తెనాలి ప్లాట్‌ఫారం మీద టీ దగ్గర రోజూ గొడవే. నా తర్వాత తాపీ పట్టే మనిషి సుబ్బులు. దాని చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. "మేస్త్రివయ్యావు, ఒక్క టీ పొయ్యించలేవా అక్కా? దాచుకో, ఆ డబ్బులతో నీ గోరీకి మేమే మంచి గచ్చు చేస్తాంలే" అనేది. ఇంట్లో తాగి రమ్మన్నాను. టీ మాత్రం ఇప్పించలేదు.

మిల్లు యజమాని భార్య రాజేశ్వరమ్మగారు భారీ మనిషి. మోకాళ్ల నొప్పులు. గుండెల లోతు నీళ్లలో రోజూ నడవమని డాక్టరు చెప్పాడట. పిల్లల సరదా కోసం ఎప్పుడో కట్టించిన కొలను ఇంటి వెనకాల ఉండనే ఉంది, కానీ రంగు పొరలు లేచిపోయి, ఇసుక తేలి, అడుగంతా గరుక్కాగితంలా తయారైంది. దిగితే అరికాళ్లు చీరుకుపోతున్నాయి. "దిగితే కాళ్లు నొప్పి, దిగకపోతే మోకాళ్లు నొప్పి. రెంట్లో ఏదో ఒకటి తగ్గించమ్మా" అన్నారావిడ.

పని చూడ్డానికి యజమాని ఒక ఇంజనీరు గారిని పెట్టారు. ఆయన మొదటిరోజే ఒక షరతు చెప్పారు: కాలవలు వదిలేలోగా పనైపోవాలి, కొలను నిండిపోవాలి. రేపల్లె డెల్టా చివర. కాలవల్లో నీళ్లొస్తే భూమిలో నీళ్లు పైకొస్తాయి. అప్పుడు కొలను ఖాళీగా ఉంటే కింది నీళ్లు అడుగుని పైకి తంతాయి, గచ్చు బీటలిస్తుంది. లోపల నీళ్లుంటే ఆ బరువుకి అణిగి ఉంటుంది. ఆ మాట నిజం. అందుకే ఎండలు మండుతున్నా పని ఆపలేదు.

ముందు తాపీ పిడితో అడుగంతా కొట్టి చూశాం. గట్టిగా పలికిన చోటు వదిలేసి, డొల్లగా పలికిన చోట పాత గచ్చు ఊడదీశాం. మిగిలినదానికి ఉలితో గాట్లు పెట్టాం. గాట్లుంటేనే కొత్త మాలు పట్టుకుంటుంది. కడిగి, తడిపి, సిమెంటు పాలు పోసి, నీరు దిగకుండా మందు కలిపిన మాలు ఒక పొర వేశాం. అక్కడి బోరు నీళ్లు ఉప్పన, వాటితో కలిపితే గచ్చు తర్వాత తెల్లగా పూస్తుంది. అందుకని ట్యాంకరు నీళ్లే వాడాం. కింద పడ్డ మాలు ఆరకముందే ఎత్తి వాడించాను, ఖాళీ సిమెంటు సంచులు దులిపించి మోకాళ్ల కింద పరిపించాను. సంచి మీద కూడా లెక్కేనా అని సుబ్బులు సణిగింది.

ఆఖరి పొర తెల్ల సిమెంటూ పాలరాతి పొడీ. అది ఎక్కడా ఆపకుండా ఒక్క రోజులో అయిపోవాలి, ఆపితే అతుకు కనిపిస్తుంది. లోతు వైపు మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ మెట్ల దాకా వచ్చాం. ఇక్కడే మా చేతి అలవాటు బయటపడింది. గచ్చు మీద తడి ఆరుతున్నకొద్దీ తాపీ నొక్కి లాగాలి. ఒకసారి లాగితే నునుపు వస్తుంది. మేం అక్కడ ఆగలేదు. ఏ ఇంటి హాల్లోనూ రానంత మెరుపు ఆ రోజు వచ్చింది. రాజేశ్వరమ్మగారు గట్టు మీద కుర్చీ వేయించుకుని చూసి, "అబ్బ, వెన్నపూసలా ఉందమ్మా" అన్నారు. మేం పొంగిపోయాం. తిరుగు బండిలో తెనాలి దాకా పాటలే. నేను కూడా ఊరుకోమనలేదు.

మర్నాడు పొద్దున్నే తడి గోనెలు పరవడానికి సుబ్బులు ముందు దిగింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, గోనెతో సహా జారి, మిగతా మెట్ల మీదుగా అడుగు మీదికి, అక్కణ్ణుంచి వాలులో లోతు వైపు గోడ దాకా వెళ్లి కూర్చుంది. దెబ్బ తగల్లేదు. "అక్కోయ్, బండి మారకుండా తిన్నగా బాపట్ల వచ్చేశా!" అని అక్కణ్ణుంచి అరిచింది. దాన్ని లేపడానికి వెళ్లినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు జారి దాని పక్కనే కూలబడ్డారు. నవ్వులకి మిల్లులో హమాలీలు కూడా వచ్చి గోడ మీంచి చూశారు. గట్టు మీద రాజేశ్వరమ్మగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

నవ్వాగాక అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఈ కొలనులో నడవాల్సింది మోకాళ్ల నొప్పులావిడ.

ఇంజనీరు గారు వచ్చి చెప్పులు విడిచి మెట్టు మీద కాలు ఆనించి, వెంటనే వెనక్కి తీశారు. అడుగంతా ఊడదీసి కొత్త పొర వెయ్యాలన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కానీ కాలవలు వదిలే రోజు దగ్గర పడింది, అంత పనికి వ్యవధి లేదు. మా వాళ్లు అప్పుడే తట్టల వైపు చూస్తున్నారు.

అప్పుడు రాజేశ్వరమ్మగారు, "ఏమ్మా, మా గేదెలు జారవు కదా?" అన్నారు.

ఏంటంటున్నారో ఎవరికీ అర్థం కాలేదు. కర్ర పట్టుకుని ఆవిడే మమ్మల్ని మిల్లు వెనక గేదెల పాకలోకి తీసుకెళ్లారు. అక్కడి గచ్చు మీద అడ్డంగా దగ్గర దగ్గరగా గీతలున్నాయి. పచ్చి గచ్చు మీద కొబ్బరి తాడు పరిచి అదిమి తీసేస్తే తాడు పురితో సహా అచ్చు పడుతుంది, గిట్ట దానికి ఆనుతుంది. వాళ్ల మావగారు చేయించారట. "నాకూ అదే చెయ్యండి. నేనేమన్నా ఆ గేదెకన్నా తేలికా?" అన్నారు.

ఇంజనీరు గారు మొదట మొహం చిట్లించి, తర్వాత వంగి గీతల మీద చెయ్యి రాసి చూశారు. మెట్లకీ, నడిచే దారికీ చేస్తే చాలు, మిగతాది కదపొద్దన్నారు. ఎంత మేర తియ్యాలో ఆయనే సుద్దముక్కతో గీసిచ్చారు.

గచ్చు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు కాబట్టి పొర తేలిగ్గానే లేచింది. మెరుపు తెప్పించిన చేత్తోనే దాన్ని గీరాలంటే సుబ్బులుకి ప్రాణం ఒప్పలేదు. "పెళ్లికూతురి మొహం గోకినట్టుందే" అంది. గీరిన చోట సిమెంటు పాలు పోసి, పల్చగా కొత్త పొర వేసి, నానబెట్టిన తాడు చెరో కొసా పట్టుకుని ఒకేసారి ఆనించి, ఒకేసారి ఎత్తాం. ఒకళ్లు ముందు ఎత్తితే గీత వంకర పోతుంది. గట్టు మీంచి రాజేశ్వరమ్మగారు "హైలెస్సా" అంటుంటే ఆ పాటకి ఎత్తాం. గీతల అంచులు కాలికి కోసుకోకుండా తడి గోనెతో తుడిచాం. మెరిపించాలని ఎవరి చెయ్యన్నా అటు వెళ్తే దాని మీద ఒక్కటి వేశాను.

గచ్చు బిగిశాక ట్యాంకర్లతో నీళ్లు నింపించారు. కొలను నిండాక కాలవలు వదిలారు. అడుగు ఎక్కడా బీట తియ్యలేదు.

ఆవిడ మొదటిసారి దిగేటప్పుడు మమ్మల్ని భోజనానికి రమ్మని కబురు పెట్టారు. చీర కుచ్చిళ్లు దోపుకుని, సుబ్బులు భుజం పట్టుకుని మెట్లు దిగారు. కింద భుజం వదిలేశారు. అటు గోడ దాకా నడిచి, తిరిగి ఇటు వచ్చి, "జారలేదే!" అని అరిచారు. మళ్లీ వెళ్లారు. మేం గట్టు మీద చప్పట్లు. ఎంతసేపటికీ ఆవిడ బయటికి రారు, భోజనాలు చల్లారిపోయాయి. ఇంజనీరు గారు నన్ను పక్కకి పిలిచి, బాపట్లలో ఒక ఆసుపత్రి మెట్ల పని ఉంది, మీ ముఠా వస్తుందా అని అడిగారు. వస్తుందండీ అన్నాను. అప్పట్నుంచి నేను పని మానేసేదాకా మా వాళ్లెవరూ ఇంకో మేస్త్రి కింద తట్ట మొయ్యలేదు.

ఆ పనిలో నేను నేర్చుకుంది ఇది. గచ్చు ఎంత నునుపుండాలో చేసే చెయ్యి చెప్పలేదు, దాని మీద నడిచే కాలు చెప్పాలి. ఆసుపత్రికి వెళ్లిన రోజు సిమెంటు బస్తా విప్పకముందే, ఈ మెట్లు ఎక్కేదెవరని అడిగాను. రోగులూ, బాలింతలూ అన్నారు. తాడు తెమ్మన్నాను.